పంక్తి లేచేదాకా

మొన్న సోమవారం పొద్దున కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. కొత్త నంబర్లు నేను ఎత్తను. స్థలాలమ్మేవాళ్ళు తప్ప రిటైరైన తెలుగు లెక్చరరుకి ఎవరు చేస్తారు? మూడోసారి మోగాక, నాలుగు మాటలు అనేసి పెట్టేద్దామని ఎత్తాను.

"తెలుగు మేడంగారేనాండీ?" అంది అవతల ఒకావిడ.

"అవును, ఎవరమ్మా?"

"మీ తమ్ముడుగారి ఫంక్షన్ హాల్లో ఫైర్ స్పీకర్లు పెట్టినాయన భార్యనండీ. ఆయన పోయారండీ. గుండెనొప్పి. ఇవాళ్టికి ఎనిమిదో రోజు. గురువారం పెద్దకర్మ. ఆయన డైరీలో ఉన్నవాళ్ళందరికీ నేనే చేస్తన్నా. మీ నంబరు 'తెలుగు మేడంగారు' అని రాసుందండీ."

అందామనుకున్న నాలుగు మాటలూ గొంతులోనే ఉండిపోయాయి. వస్తానమ్మా అని మాత్రం అన్నాను.

ఆయనకి నేనొక మాట బాకీ. రెండేళ్ళ కిందట నలుగురి ముందూ ఆయన్ని ఒక మాట అన్నాను. అది తప్పని మూడో రోజుకే తెలిసింది. క్షమించండి అని మాత్రం అనలేదు. పోయిన వేసవిలో బెంజ్ సర్కిల్ దగ్గర కనిపించారు కూడా. ఎర్ర లైటు పడింది, ఆటోలో నేను, పక్కనే స్కూటరు మీద ఆయన. హెల్మెట్ అద్దం పైకెత్తి నమస్కారం పెట్టారు. అప్పుడైనా అనొచ్చు. "ఎండలు మండిపోతున్నాయండీ" అన్నాను. "అవునండీ మేడంగారూ, మీరు గొడుగు లేకుండా తిరగబాకండి" అన్నారు. పచ్చ లైటు పడింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయనకే అది ఇష్టం ఉండేది కాదు. పని పూర్తయ్యాక అలారం పెట్టె తలుపు మీద పేరూ నంబరూ ఉన్న స్టిక్కరు అంటించుకోవడం ఆ పనివాళ్ళందరికీ అలవాటు. మా తమ్ముడు ఆ మాటే అడిగితే "ఎందుకండీ, నిప్పంటుకున్నప్పుడు నా పేరు ఎవరు చదువుతారు?" అన్నారు.

మా తమ్ముడు ఆటోనగర్‌లోని లారీ స్పేర్ పార్టుల కొట్టు కొడుక్కి అప్పజెప్పి, బందరు రోడ్డు మీద కంకిపాడు ఇవతల ఫంక్షన్ హాలు కట్టాడు. పైన పెళ్ళి హాలు, కింద సెల్లారులో భోజనాల హాలు. ఫైర్ వాళ్ళ అనుమతి కావాలంటే స్పీకర్ల అలారం ఉండి తీరాలన్నారట. అదేమిటో అప్పటిదాకా నాకూ తెలియదు. మంట వస్తే గంట మోగుతుందని అందరికీ తెలుసు. ఇందులో గంటతో పాటు మనిషి గొంతు కూడా పలుకుతుంది. ఏం జరిగిందో, ఏం చేయాలో ముందే రికార్డు చేసి పెట్టిన మాట హాలంతా వినపడుతుంది. ఆ పనికి ఆటోనగర్‌లో ఎవరో ఈయన్ని చూపించారు. "పని బంగారమే. కాకపోతే అప్పగించే ముందు విందు అడుగుతాడు, అదొక్కటే పిచ్చి" అని హెచ్చరించారు కూడా. ఆ పూట నుంచే మా తమ్ముడు ఆయనకి 'భోజనం ఇన్‌స్పెక్టర్' అని పేరు పెట్టేశాడు. నేనూ నవ్వాను.

యాభై అయిదేళ్ళుంటాయేమో. పలచటి మనిషి. తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో పెన్నూ దాని పక్కనే టెస్టరూ. వాచీ మణికట్టుకి లోపలివైపు పెట్టుకునేవారు. నిచ్చెన మీద రెండు చేతులూ పైకెత్తి పని చేస్తున్నా టైము కనపడాలిగా అనేవారు. మాటకి ముందొక అండీ, వెనకొక అండీ. ఆ మర్యాద మనుషులతో ఆగేది కాదు. "మూడో స్తంభం దగ్గర ఆయన పలకట్లేదండీ, లైను చూడాలి" అన్నారొకరోజు. ఏ మేస్త్రీ గురించో అనుకున్నాను. కాసేపటికి నిచ్చెనెక్కి స్పీకరు మూత విప్పుతూ "ఏవండీ, ఏమైంది మీకు?" అని దాన్నే అడుగుతుంటే నవ్వాపుకోలేక పక్కగదిలోకి వెళ్ళిపోయాను.

ఆయన గొంతు పెంచగా విన్నది ఒక్కసారే. పని త్వరగా తెములుతుందని మా తమ్ముడు వేరే ఎలక్ట్రీషియన్లని పెట్టి ఒక గోడ పొడుగునా అలారం తాలూకు ఎర్ర కేబులుకి ప్లాస్టిక్ క్లిప్పులు కొట్టించాడు. ఈయన పొద్దున్నే వచ్చి చూసి "పీకెయ్యండి!" అని అరిచారు. మేమంతా ఉలిక్కిపడ్డాం. మరుక్షణం ఆయనే సిగ్గుపడిపోయి గొంతు దించారు.

"ఈ వైరు మంటలో కూడా పని చేసుద్దండీ. క్లిప్పు మాత్రం కరిగిపోద్ది. అప్పుడు వైరు కిందకి వేలాడుద్ది. పొగలో కళ్ళు కనపడక పరిగెత్తేవాళ్ళ మెడకి పడుద్ది. వాళ్ళని బతికించడానికి వేసిన వైరే కదండీ ఇది."

ఆ రోజంతా తనే నిచ్చెన మీదుండి ఒక్కొక్కటే పీకి ఇనప క్లిప్పులు బిగించారు. స్పీకర్లకి కూడా రెండు లైన్లు లాగారు. ఒక స్పీకరు ఈ లైను మీద, దాని పక్కది ఆ లైను మీద, మళ్ళీ తర్వాతది ఈ లైను మీద. ఒక లైను కాలిపోయినా హాల్లో ఏ మూలా పూర్తిగా మూగబోకూడదట. ఇదంతా డబుల్ పని అని తమ్ముడు గొణిగాడు. "ఇంట్లో ఇద్దరున్నట్టండీ. ఒకళ్ళు నిద్రపోయినా రెండోవాళ్ళు పలుకుతారు" అన్నారు ఈయన.

ఇక రికార్డు చేయాల్సిన మాట. "మా అక్క ఉందిగా, ముప్ఫై రెండేళ్ళు తెలుగు చెప్పింది" అని తమ్ముడు నన్ను ముందుకి తోశాడు. నేను పొంగిపోయి రెండు రోజులు కూర్చుని రాశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అది ఇది: "మహాశయులారా! ఈ ఆవరణయందు అగ్నిప్రమాద సూచనలు గోచరించుచున్నందున, ఆహూతులెల్లరును ఆందోళన చెందక, సమీప ద్వారముల గుండా వెలుపలికి విచ్చేయవలసినదిగా సవినయముగా మనవి చేయుచున్నాము."

ఆయన కాగితం తీసుకుని, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివారు.

"చాలా బాగుందండీ మేడంగారూ. శుభలేఖలాగా ఉంది."

"అంటే?"

"శుభలేఖ చదివి ఎవరూ పరిగెత్తరు కదండీ."

నాకు ఒళ్ళు మండింది. "ముందు ఇది రికార్డు చేయండి, అర్థమయ్యేవాళ్ళకి అర్థమవుతుంది" అన్నాను. ఆయన ఎదురు చెప్పలేదు. నా గొంతుతోనే రికార్డు చేశారు. తర్వాత సెల్లారు వంటగదిలో గ్రైండరు వేయించారు, పొగ లాగే ఫ్యాన్లు వేయించారు. గిన్నెలు తోమే పెద్దావిడని ఎప్పట్లాగే తోముకోమన్నారు. గిన్నెలూ నీళ్ళూ గ్రైండరూ కలిసి హోరుమంటుంటే నా మాట మోగించారు. అది అయ్యాక ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగారు.

"ఏం వినపడిందమ్మా?"

"ఎవరో పంతులమ్మ పాఠం చెబుతుందయ్యా."

"ఏం చెప్పింది?"

"ఏమో, నేను చదువుకోలేదుగా."

ఆయన నా వంక చూడకుండా, నవ్వకుండా, టెస్టరు తుడుచుకుంటూ నిలబడ్డారు. ఆ మర్యాదకి నాకింకా మండింది. చివరికి ఆయన చెప్పినట్టే "నిప్పు. లేవండి. బయటికి నడవండి" అని మూతి ముడుచుకుని రికార్డు చేశాను. మూడు ముక్కల తెలుగు. ఈ మాత్రానికి నేనెందుకు అని ఇంటికొచ్చాక కూడా సణుక్కున్నాను.

అన్నీ అయ్యాయి. వచ్చే ఆదివారం హాల్లో మొదటి పెళ్ళి. అప్పగింత కాగితం మీద ఆయన సంతకం పడితే ఫైర్ వాళ్ళకి పంపాలి. అప్పుడు బయటపెట్టారు ఆ విందు మాట.

"కింద ఒక్క పంక్తి భోజనాలు పెట్టించాలండీ. నిండు పంక్తి. వాళ్ళు తింటుండగా మోగించి చూస్తాను. ఆ తర్వాతే సంతకం."

"విన్నావా అక్కా, వచ్చేసింది విందు" అన్నాడు తమ్ముడు నా చెవిలో. పళ్ళు కొరుక్కుంటూనే ఒప్పుకున్నాడు. బంధువులకి హాలు చూపించినట్టూ ఉంటుందని సోమవారం మధ్యాహ్నం అందరినీ పిలిచాం. పరీక్ష సంగతి వాళ్ళకి చెప్పొద్దన్నారు ఈయన. ఎప్పుడు మోగిస్తారని నేనడిగితే, "పెరుగు దాకా వస్తే ఎలాగూ లేస్తారండీ. పప్పన్నంలో ఉండగా చూడాలి" అన్నారు.

మా వైపు పంక్తి సంగతి తెలిసిందే. పెద్దవాళ్ళు లేవనిదే ఎవరూ లేవరు. పక్కవాళ్ళ ఆకులో అన్నం ఉండగా లేస్తే వాళ్ళ నోటి ముందు కూడు లాగేసినట్టే లెక్క. చెయ్యి ఎండిపోయినా సరే, మాట్లాడుకుంటూ కూర్చుంటాం. ఆ రోజు పంక్తి మొదట్లో మా పెదనాన్నగారు. తొంభైకి దగ్గరపడిన మనిషి. ఆయన పక్కన నేను. ఈయన గుమ్మం దగ్గర మణికట్టు తిప్పి పట్టుకుని నిలబడ్డారు.

ముద్దపప్పులో నెయ్యి పడింది. గంట మోగింది. నెత్తి మీద నా గొంతే పలికింది, "నిప్పు. లేవండి. బయటికి నడవండి." ఒక్క అక్షరం పోకుండా వినపడింది. అందరి చేతులూ ఆగాయి. అందరూ పెదనాన్నగారి వైపు చూశారు. ఆయన పైకి ఒకసారి చూసి, "ఏదో మోగుతుందిలే, కానివ్వండి, కానివ్వండి" అన్నారు. తలలన్నీ మళ్ళీ ఆకుల మీదికి వంగాయి. వడ్డించేవాళ్ళు గోంగూర గిన్నె పట్టుకుని ముందుకే నడిచారు. అది పరీక్షని తెలిసి కూర్చున్న నేను కూడా లేవలేదు. నా గొంతు లేవండి లేవండి అని అరుస్తుంటే నేను పప్పన్నం కలుపుకుంటున్నాను. పెదనాన్నగారు తింటుండగా పక్కనుంచి ఎలా లేస్తాను?

ఆయన మజ్జిగ తాగి, "ఇక లేద్దామా" అన్నాక లేచాం.

చేతులు కడుక్కునే చోటికి వచ్చారు ఈయన. మొహం పాలిపోయి ఉంది. "పదకొండు నిమిషాలండీ" అన్నారు. "నేను అప్పగించలేనండీ. ఇంకో పంక్తి పెట్టించి చూడాలి."

తమ్ముడు నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. శుభలేఖ మంట, పంతులమ్మ మంట అన్నీ కలిపి ఒక్కసారే బయటికొచ్చాయి.

"ఒక పూట విందు చాల్లేదా, రెండో పూట కూడా కావాలా? భోజనం కావాలంటే అడగండి, క్యారేజీ కట్టించి ఇంటికి పంపిస్తాం. ఈ నాటకాలెందుకు?"

కుళాయిల దగ్గరున్న చుట్టాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన రాసుకునే పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు.

"ఎల్లుండి నేనే ఏర్పాటు చేసుకుంటానండీ. మీకు శ్రమ లేకుండా చూస్తాను" అని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

కాసేపటికి నేను పైకి వెళ్తుంటే మెట్ల మలుపులో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో స్టీలు డబ్బా, అందులో పెరుగన్నం, ఊరమిరపకాయ. విందు కోసం నాటకమాడాడని నేను అనేసిన మనిషి, కింద అన్ని రకాల వంటకాలుండగా ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తింటున్నారు. కళ్ళెదురుగా కనపడుతున్నా నా బుర్ర వెలగలేదు. మన భోజనం ఆయనకి ఆనలేదు కాబోలు అనుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయాను.

మర్నాడు ఫోను చేసి, ఏమీ జరగనట్టే మాట్లాడారు. "మేడంగారూ, ఒక్క మాట కలపాలండీ. 'పెద్దవాళ్ళు ముందు లేవండి' అని. మీ గొంతు స్పష్టంగా ఉంటుందండీ, మార్చబుద్ధి కాలేదు." ముభావంగా వెళ్ళి చెప్పి వచ్చాను.

బుధవారం మధ్యాహ్నం రెండు ఆటోల్లో గుండిగలు దిగాయి. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ. ఎక్కణ్ణుంచి తెప్పించారని అడిగితే "తెలిసినవాళ్ళేనండీ" అన్నారు. హాల్లో ఆ పూట పని చేస్తున్న రంగులవాళ్ళు, పూల పందిరివాళ్ళు, వంటవాళ్ళు, బయటి ఆటోవాళ్ళు, అందరినీ పిలిచి కూర్చోబెట్టారు. అరవైమంది దాకా అయ్యారు. గిన్నెలు తోమే పెద్దావిడ కూర్చోనంది. "నాకెందుకయ్యా పంక్తిలో, తర్వాత తింటాలే" అంటే, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అందరికన్నా ముందు కూర్చోబెట్టారు. నేనూ తమ్ముడూ గుమ్మంలో నిలబడ్డాం.

అందరూ తినడం మొదలుపెట్టారు. గంట మోగింది.

"నిప్పు. పెద్దవాళ్ళు ముందు లేవండి. అందరూ లేవండి. బయటికి నడవండి."

చేతులు ఆగాయి. పెద్దవాళ్ళెవరా అని అందరూ అటూ ఇటూ చూశారు. పెద్దావిడ కూడా చూసింది. చూసి చూసి, అరవైమందీ తననే చూస్తున్నారని ఆవిడకి అప్పుడు తెలిసింది. ఆవిడ లేవనిదే ఒక పంక్తి లేవకుండా ఆగడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. చేతిలో ముద్ద ఆకులో పెట్టేసి, బల్ల పట్టుకుని లేచింది. ఆవిడ వెనకే పంక్తి మొత్తం లేచింది. కుర్చీల చప్పుడు ఆగేసరికి అందరూ మెట్ల మీదున్నారు.

"యాభై సెకన్లు" అన్నారాయన. అని, ఉన్నచోటే మెట్టు మీద కూలబడ్డారు. అక్కడే సంతకం పెట్టి కాగితం తమ్ముడికిచ్చారు.

తమ్ముడు పైకి వెళ్ళాక అడిగాను, ఎందుకండీ ఇంత పట్టుదల అని.

వాచీ పట్టీ సర్దుకున్నారు. తర్వాత చెప్పారు.

"చాలా ఏళ్ళ కిందటండీ. ఊరి పేరు అడగబాకండి. ఇలాంటి హాలే. నేనే పెట్టాను. ఖాళీగా ఉన్నప్పుడు మోగించి చూసి అప్పగించేశానండీ. ఖాళీ హాల్లో ఎంత బాగా వినపడుద్దనుకున్నారు! ఒక పెళ్ళిలో వంటగది నుంచి అంటుకుంది. గంట మోగింది, మాట పలికింది. పంక్తి లేవలేదండీ. పెద్దాయన తింటున్నారని కూర్చున్నారు. పొగ వచ్చేశాక అందరూ ఒక్కసారే లేచారు. చివర్న ఒకావిడ కూర్చుంది, ముసలావిడ. ఆవిడ లేవలేకపోయింది."

నేను పక్క మెట్టు మీద కూర్చున్నాను.

"నా స్పీకర్లు అన్నీ పలికాయండీ. ఒక్కటి కూడా ఆగలేదు. వచ్చి చూసినవాళ్ళంతా నీ తప్పేం లేదన్నారు. ఒక్క వైరు ఊడిపోయి ఉన్నా, అదిగో అది నా తప్పు అనుకుని బాగు చేసుకునేవాణ్ణి. అప్పట్నుంచి పంక్తిలో కూర్చోలేనండీ. ముద్ద దిగదు."

అదీ ఆయన విందు పిచ్చి. అప్పుడు నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాల్సింది. కనీసం ఆ రోజు నోరు జారాను, క్షమించండి అనాల్సింది. వేలమంది పిల్లలకి మాటలు నేర్పిన నా నోటికి ఆ ఒక్క మాట రాలేదు. "కాఫీ తాగుతారా?" అన్నాను. "వద్దండీ, ఇంకోచోట లైను చూడాలి" అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆర్నెల్లకోసారి స్పీకర్లు చూడటానికి వచ్చేవారని తమ్ముడు చెప్పేవాడు. ఆ రోజుల్లో నేను హాలు వైపు వెళ్ళేదాన్ని కాదు. మొహం చెల్లక.

గురువారం వెళ్ళాను. కంకిపాడు దాటాక లోపలికి ఒక సందు. రోడ్డు మీదే షామియానా వేశారు. కుర్చీలో ఆయన ఫోటో, దండ. ఫోటోలో కూడా వాచీ లోపలివైపే ఉంది. కార్యక్రమం ముగిశాక భోజనాలకి పిలిచారు. నేను వద్దన్నాను. "పెద్దవారు, మీరు తినకుండా వెళ్తే ఎలాగండీ" అని వాళ్ళ బంధువు ఒకాయన పంక్తి మొదట్లో కూర్చోబెట్టారు. ఎవరైనా పోతే వాళ్ళ పేరున పెట్టిన అన్నం వదిలి లేవడం మామూలు పంక్తిలో లేవడం కన్నా పెద్ద తప్పు. పోయినవాళ్ళని అవమానించినట్టని మా అమ్మ చెప్పేది. అందుకే ఏడుపు వస్తున్నా తల వంచుకుని పప్పన్నం కలుపుకుంటున్నాను.

వెనకాల పరదా చాటున వంటలు. ఉన్నట్టుండి భగ్గుమన్న చప్పుడు. మూకుట్లో నూనె అంటుకున్నట్టుంది, నల్లటి పొగ షామియానా కిందకి వచ్చింది. "ఏం లేదు, ఏం లేదు, కూర్చోండి, భోంచేయండి" అని అటు నుంచి ఒక గొంతు. పంక్తిలో చేతులు ఆగాయి. నేనూ ఆగాను, ఎవరు లేస్తారా అని తలెత్తి చూశాను. అందరూ నా వైపే చూస్తున్నారు.

పంక్తిలో తల నెరిసింది నాకే.

చేతిలో ముద్ద ఉంది. ఎదురుగా దండ వేసిన ఫోటో ఉంది. ముద్ద ఆకులో పెట్టి లేచాను. "లేవండి" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను, "లేవండి. బయటికి నడవండి." నా పక్కావిడ లేచింది, ఆవిడ పక్కాయన లేచాడు, వరసంతా లేచింది. ఎంగిలి చేతులతో అందరం సందులోకి వచ్చి నిలబడ్డాం.

పెద్దగా ఏమీ జరగలేదు. వంటవాళ్ళు మూకుడు మీద మూత వేసి, సిలిండరు కట్టేసి, తడిగోనె కప్పారు. పరదా ఒక మూల కాలింది, అంతే. "ఈ మాత్రానికి పోయినాయన పంక్తి లేపేసింది, ఎవరీవిడ?" అని ఒకాయన అనడం నాకు వినపడింది. ఆ మాట నాకు తగలాల్సిందే అనుకున్నాను.

ఇంతలో ఇంట్లోంచి ఆయన భార్య బయటికి వచ్చింది. చిన్నపాటి మనిషి. ఆవిడకి ఎదురెళ్ళాను.

"తప్పు చేశానమ్మా. ఆయన భోజనం దగ్గర మధ్యలో లేచాను" అన్నాను. అంటూనే ఏడ్చేశాను. "ఇదొక్కటే కాదు. రెండేళ్ళ కిందట ఆయన్ని నలుగురిలో ఒక మాట అన్నాను. విందు కోసం నాటకాలాడుతున్నారని. క్షమించమని అడగనే లేదు."

"తెలుసండీ" అంది. "ఆ రోజు ఇంటికొచ్చి చెప్పారు. చెప్పేసి, ఎల్లుండికి అరవైమందికి పులిహోర కలపగలవా అని అడిగారు. తెల్లారుజామున లేచి ఇద్దరమే వండామండీ. ఆయనే నిమ్మకాయలు పిండారు."

"అన్ని హాళ్ళకీ మీరే వండేవారా?"

"లేదండీ. మీ ఒక్క హాలుకే."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నా చేతికి ఇంకా పప్పన్నం అంటుకుని ఉంది. ఆవిడ అది పట్టించుకోలేదు. షామియానా కింద ఖాళీ కుర్చీల వంకా, సగం తిన్న ఆకుల వంకా, సందులో నిలబడ్డ జనం వంకా చూసింది. చూస్తూ చూస్తూ పది రోజులుగా ఏడ్చిన మొహంతోనే ఒక్కసారి నవ్వింది.

"అందరూ లేచారండీ" అంది. "ఆయనుంటే ఈపాటికి చెప్పేసేవారు, ఎన్ని సెకన్లు పట్టిందో."

నా చేతికీ వాచీ ఉంది. నేను చూడలేదు.